పల్లంలో నీళ్ళు

ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరికీ వంట అంతంత మాత్రం. ఒకాయన మామ, రెండోవాడు అల్లుడు. వాళ్ళిద్దరినీ కలిపిన మనిషి, ఒకరికి కూతురూ మరొకరికి భార్యా అయిన మనిషి, ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఇక అల్లుడు వేరే గది చూసుకుంటాడనీ, మామ ఊరికి అవతలి పక్కనున్న చెల్లెలి ఇంటికి చేరతాడనీ వీధివాళ్ళు అనుకున్నారు. అలాంటిదేమీ జరగలేదు. నువ్వు వెళ్తావా, నేను వెళ్ళనా అని వాళ్ళు ఒకరినొకరు అడగను కూడా లేదు.

అల్లుడు వడ్రంగి. ఇంటి ముందు గదే అతని పనిచోటు. తలుపులు, బీరువాలు, విరిగిన కుర్చీల కాళ్ళు అన్నీ అక్కడే బాగయ్యేవి. మామ బతుకంతా బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. ఉద్యోగం దిగాడే కానీ ఆ మాటతీరు దిగలేదు. పొద్దున్నే స్నానాలగది తలుపు బాది, "లోపలున్నవాళ్ళు ముందుకు జరగాలి, వెనక జనం వేలాడుతున్నారు" అనేవాడు. అల్లుడు వేయించిన గుడ్డు మాడితే, "ఇది స్టాపు దాటి డిపోకి వెళ్ళిపోయింద్రా అబ్బాయ్" అనేవాడు. పెళ్ళైన కొత్తలో అల్లుణ్ణి 'అల్లుడుగారూ' అనీ, 'మీరు' అనీ పిలిచేవాడు. ఏడాది తిరక్కుండానే గారూ పోయింది, మీరూ పోయింది, 'ఒరే అబ్బాయ్' మిగిలింది. ఆ పిలుపంటే వడ్రంగికి ఇష్టం. చిన్నప్పుడే తండ్రి పోవడంతో అతన్ని ఒరే అని పిలిచేవాళ్ళు ఎక్కువమంది లేరు.

వాళ్ళ వీధి చివర ఇళ్ళు అయిపోయాక నేల కిందికి జారుతుంది. ఆ చోటును అందరూ పల్లం అనేవాళ్ళు. అది ఎవరి సొంతమూ కాదు, ఆ పేటవాళ్ళందరి ఉమ్మడి జాగా. ఒకప్పుడక్కడ మడుగుండేదట. వడ్రంగి ఆ వీధికి అల్లుడై వచ్చేనాటికే చుక్క నీరు లేదు. ముళ్ళపొదలు, కూలగొట్టిన గోడల పెళ్ళలు, దూది బయటపడ్డ పరుపులు. ఒక అంచున మాత్రం జామాయిల్ చెట్లు వరసగా, ఇళ్ళకంటే ఎత్తుగా నిలబడి ఉండేవి. గాలి వీచిందంటే ఆ ఆకుల ఘాటు వీధి మధ్యదాకా వచ్చేది. అవి మామ నాటిన చెట్లు. రోజూ సాయంత్రం ఆయన అక్కడికి వెళ్ళి, ఒక్కో బోదెనూ అరచేత్తో తడుతూ వరస చివరిదాకా నడిచి తిరిగొచ్చేవాడు. కిక్కిరిసిన బస్సులో సీటూ సీటూ పట్టుకుంటూ వెళ్ళినట్టుండేది ఆ నడక.

భార్య పోయిన తర్వాత వచ్చిన చలికాలంలో, రిటైరైన నర్సమ్మ ఒకావిడ బీరువా తలుపు బాగుచేయించుకోవడానికి వచ్చింది. వడ్రంగి చిత్రిక పట్టడం చూస్తూ కాసేపు కూర్చుంది.

"ఆదివారాలు ఏం చేస్తుంటావు నాయనా?"

"ఏమీ చెయ్యనమ్మా."

"అయితే పల్లానికి రా. మేం నలుగురైదుగురం దాన్ని బాగుచేద్దామని చూస్తున్నాం. మాలో రంపం పట్టడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. నేను పడితే వేళ్ళు కుట్టుకోవడానికి మళ్ళీ నేనే కావాలి."

వెళ్ళాడు. వద్దనడానికి కారణమేదీ తట్టక వెళ్ళాడంతే. ఆ మొదటి ఆదివారం ముళ్ళపొదలు నరికి లాగి, చేతులు గీరుకుపోయి, ఇంటికొచ్చి పడుకుంటే పొద్దున దాకా మెలకువ రాలేదు. అలాంటి నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. తర్వాతి ఆదివారం పిలవకుండానే వెళ్ళాడు. అక్కడ అతని భార్య గురించి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. 'ఆ కొమ్మ పట్టుకో', 'ఇటు లాగు', 'టీ చల్లారిపోతోంది రండి', ఇవే మాటలు. వాషింగ్ మిషన్ల మెకానిక్ ఒకాయన ఉండేవాడు. చెత్తలో పాత మోటారు దొరికిందంటే చాలు, పని ఆపేసి దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేవాడు. సైన్సు టీచరమ్మ పెళ్ళల కింద బయటపడ్డ ప్రతి పురుగునూ దోసిట్లోకి తీసుకుని, అదేమిటో చెప్పి, భద్రంగా పక్కన వదిలేది. పరుపులు పోయాయి, పెళ్ళలు పోయాయి. పై నుంచి వాననీళ్ళు వచ్చే కాలవకు పూడిక తీశారు. పల్లం అడ్డంగా దాటడానికి వడ్రంగి చెక్కబాట కట్టడం మొదలుపెట్టాడు.

మామకు ఇదంతా తమాషాగా ఉండేది. "ఏంట్రా, అడవికి కలెక్టరువైపోయావు" అనేవాడు. చెత్త తీయడం ఆయనకూ నచ్చింది. "మంచి పనే. చెట్ల కింద కూర్చోడానికి వీలుగా ఉంటుంది" అన్నాడు.

ఆ ఏడు మంచి వానలే పడ్డాయి. కాలవ నిండా నీళ్ళు వచ్చి పల్లంలో నిలిచాయి. అందరూ గొడుగులేసుకుని వచ్చి చూసి మురిసిపోయారు. వారం తిరిగేసరికి నేల బీటలిచ్చింది. మళ్ళీ వాన, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ బీటలు. అప్పుడు నర్సమ్మ ఇంటి ముందుగదిలో అందరూ కూర్చున్నారు. సైన్సు టీచరమ్మ చాలాసేపు కప్పు అంచు చుట్టూ వేలు తిప్పుతూ ఉండి, చివరికి అంది: "నీళ్ళు ఎక్కడికీ పోవట్లేదండీ. ఆ జామాయిల్ చెట్లే తాగేస్తున్నాయి. అవి ఉన్నన్నాళ్ళూ ఇది మడుగు కాదు."

ఆ మాటతో గదిలో అందరి చూపూ వడ్రంగి మీదికి తిరిగి, వెంటనే పక్కకు తప్పుకుంది. ఆ చెట్లు ఎవరివో అందరికీ తెలుసు.

"మీ మామయ్యగారితో నేను మాట్లాడనా నాయనా?" అంది నర్సమ్మ.

"వద్దమ్మా. నేనే చెప్తాను."

చెప్పలేదు. అన్నం దగ్గర చెబుదామనుకుంటే మామ ఏదో జోకు మొదలుపెట్టేవాడు. పడుకునేముందు చెబుదామనుకుంటే, ముసలాయన నిద్ర పాడుచెయ్యడమెందుకనిపించేది. పొద్దున్నే అయితే ఆ రోజంతా పాడవుతుంది. ఇలా నెల గడిచింది. ఈలోగా చెట్లు కొట్టేవాళ్ళు ఖాయమయ్యారు. ఏ చెట్లు కొట్టాలో గుర్తులు పెట్టమన్నారు. తెల్లరంగు డబ్బా వడ్రంగి పనిగదిలోనే ఉంది. మధ్యాహ్నం మామ కునుకు తీస్తున్నప్పుడు వెళ్ళి, ప్రతి బోదె మీదా ఒక గీత గీసి వచ్చాడు.

సాయంత్రం మామ ఇంటికొచ్చి కుడి అరచెయ్యి దీపం కింద పెట్టి చూసుకున్నాడు. చేతినిండా తెల్లరంగు.

"చెట్లకి ఎవరో రంగు పూసి పోయార్రా అబ్బాయ్. ఇంకా ఆరనేలేదు. చూసుకోకుండా వరసంతా తట్టుకుంటూ పోయాను. ఎవడి పనో ఇది."

"నేనే మామయ్యా."

"నువ్వా? పురుగు పట్టకుండానా?"

అవునంటే ఆ పూటకు గడిచిపోయేది. వడ్రంగి నోటిదాకా వచ్చింది కూడా.

"కొట్టెయ్యడానికి."

మామ కుర్చీలో కూర్చున్నాడు. రంగు చెయ్యి దేనికీ తగలకుండా మోకాలి మీద వెల్లకిలా పెట్టుకున్నాడు.

"ఎన్నింటిని?"

"అన్నీ."

"చిట్టి నాటినవి కూడానా?"

చిట్టి అంటే ఆయన కూతురు. ఆమె పోయాక ఆ పేరు ఆయన నోట వినడం వడ్రంగికి అదే మొదలు.

"అన్నీ మామయ్యా."

మామ మళ్ళీ ఆ రంగు చేతిని చూసుకున్నాడు. తర్వాత మామ మెల్లగా, ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ మడుగు నువ్వు చూళ్ళేదు. నేను చూశాను. మీ అత్తయ్యకి మొదట చలి పుట్టింది. మిట్టమధ్యాహ్నం, మండే ఎండ, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పమంది. నేను నవ్వాను. చలికాలం దాకా ఆగలేకపోతున్నావా అన్నాను. ఆ ఏడు ఈ వీధిలో ఇంటికో మంచం. మా ఇంట్లో మంచం ఖాళీ అయింది. నీళ్ళు ఎండితే కానీ దోమ చావదన్నారు. ఈ చెట్లు నీళ్ళు లాగేస్తాయని చెప్పారు. డ్యూటీ దిగి యూనిఫాం కూడా విప్పకుండా గుంతలు తవ్వేవాణ్ణి. చిట్టి డబ్బాతో నీళ్ళు మోసేది. సగం తన మీదే పోసుకునేది. ఎండిపోయిందిరా మడుగు. ఆ తర్వాత ఈ వీధిలో ఒక్కడికి కూడా ఆ జ్వరం రాలేదు."

"ఇప్పుడు మందులున్నాయి మామయ్యా. నీళ్ళలో చేపలుంటే దోమ పిల్లల్ని తినేస్తాయట. తూనీగలు కూడా…"

"ఈ 'ట'లు వద్దురా. నీకు తెలుసా?"

"తెలీదు."

"మరెందుకు గీశావు గీతలు?"

వడ్రంగి ఉన్నదే చెప్పాడు. "అక్కడికెళ్తే కాస్త ఊపిరాడుతుంది మామయ్యా."

"నాకూ అక్కడే ఆడుతుంది" అన్నాడు మామ.

వడ్రంగి గుడ్డ కిరసనాయిల్లో తడిపి తెచ్చి ఆ చేతిని తుడవబోయాడు. మామ గుడ్డ తీసుకుని తనే తుడుచుకున్నాడు.

తర్వాతి సమావేశానికి మామ ఒక్కడే, ఇస్త్రీ చొక్కా వేసుకుని నర్సమ్మ ఇంటికి వెళ్ళాడు. వడ్రంగి వెనకాల వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మామ అరవలేదు. భార్యకు చలి పుట్టిన సంగతి దగ్గర్నుంచి అంతా చెప్పాడు. వాళ్ళు తలలు వంచుకుని విన్నారు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, చేపల సంగతీ, ప్రాణులున్న నీటికీ మురిగిన నీటికీ ఉన్న తేడానూ చాలా మర్యాదగా చెప్పింది. మెకానిక్ గొంతు సవరించుకుని, "పోనీ ఒక్క చెట్టు ఉంచుదామండీ. మీ గుర్తుగా" అన్నాడు.

"ఒక్కటెందుకు బాబూ, దానికి నన్ను కట్టెయ్యడానికా?" అన్నాడు మామ.

ఎప్పటి మామే అయితే ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు. నర్సమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఆయన వెళ్ళిపోయాడు.

కోత మిషన్లు వచ్చిన రోజు మబ్బుగా ఉంది. ఏ చెట్టు ఎటు పడాలో తాళ్ళు కట్టించి, దగ్గరుండి చూసుకున్నది వడ్రంగే. తప్పించుకుని ఇంట్లో కూర్చోవడం కంటే ఎదురుగా నిలబడటమే నయమనుకున్నాడు. నయమేమీ కాలేదు. ఒక్కో చెట్టు పడ్డప్పుడల్లా నేల అదిరి, ఆ అదురు అరికాళ్ళలోంచి పళ్ళదాకా వచ్చేది. ఆ కర్ర దేనికీ పనికిరాదని అతనికి తెలుసు. ఆరితే మెలికపడుతుంది, పీటకైనా అక్కరకు రాదు. కాగితం మిల్లు లారీలు వచ్చి ఎత్తుకుపోయాయి. సాయంత్రానికి ఆ అంచంతా బోడిగా అయింది. వీధిలోంచి చూస్తే ఇన్నాళ్ళూ కనపడని ఇళ్ళ వెనక గోడలు, ఆరేసిన బట్టలు కనపడ్డాయి.

ఒంటినిండా రంపం పొట్టు, ఆ ఆకుల వాసనతో ఇంటికొచ్చాడు. గుమ్మంలో మామ బ్యాగు ఉంది. మామ చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"చెల్లెలికి మోకాళ్ళ నొప్పులట. మనిషి తోడుంటే బాగుంటుందంది. కొన్నాళ్ళు ఉండి వస్తాను."

"నేను దింపుతాను మామయ్యా. కాళ్ళు కడుక్కుని వస్తాను, ఒక్క నిమిషం."

"వద్దులెండి. మీరు అలిసిపోయి ఉన్నారు. బస్సుంది కదా."

వడ్రంగికి ముందు అర్థం కాలేదు. వెనక ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు తల తిప్పి కూడా చూశాడు. మామ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఆ తర్వాతి ఏడాది అతనికి చాలా చెడ్డగా గడిచింది. వానలు సరిగ్గా కురవలేదు. నీళ్ళు లేవు, చెట్లూ లేవు. పల్లం పుండు పడి జుట్టూడిన నెత్తిలా ఉండేది. పైగా జామాయిల్ అంత తేలిగ్గా చావదు. మోళ్ళ చుట్టూ పిలకలు వేసింది, లేతగా, వెండిరంగు ఆకులతో. వాటిని వదిలేస్తే మళ్ళీ చెట్లవుతాయి కనుక కోసెయ్యాలి. ఆ పని ఎవరూ అతనికి చెప్పలేదు, అతనే నెత్తినేసుకున్నాడు. ఆదివారం పిలకలన్నీ చెక్కేసి వెళ్తే, పదిహేను రోజుల్లో మళ్ళీ జానెడు ఎత్తు లేచేవి. కత్తి తగలగానే వచ్చే వాసనతో ఇల్లూ, మామా, భార్యా అందరూ గుర్తొచ్చేవాళ్ళు. ఒకసారి మోడు దగ్గరే కూర్చుండిపోయాడు. నర్సమ్మ చూసి దగ్గరికొచ్చి, అతని చేతిలోంచి కత్తి తీసుకుని, తనకు చేతనైనట్టు ఆ వరస పూర్తి చేసింది.

వారానికోసారి వడ్రంగి, మామ ఉంటున్న ఆ చెల్లెలి ఇంటికి వెళ్ళేవాడు. ఆవిడ మోకాళ్ళు నిక్షేపంగా ఉండేవి. మేడ మెట్లు చకచకా ఎక్కి దిగి అతనికి టీ తెచ్చేది. మామ ఆవిడ మనవళ్ళతో జోకులేస్తూ ఉండేవాడు. "దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళు ఎక్కండి" అంటూ వాళ్ళను మంచం మీద నుంచి దింపేవాడు. అల్లుణ్ణి చూడగానే సర్దుకుని కూర్చునేవాడు. "రండి. బాగున్నారా? పనులు బాగా సాగుతున్నాయా?" అనేవాడు. కోపంగా ఒక్క మాట అన్నా వడ్రంగి కాళ్ళమీద పడి ఉండేవాడేమో. ఆ మర్యాదను ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

ఆ పై ఏడు వానలు పడ్డాయి. ఈసారి నీళ్ళు పోలేదు. వారం చూశారు, నెల చూశారు. చలికాలం వచ్చినా పల్లంలో నీళ్ళున్నాయి. తుంగ మొలిచింది, జమ్ము లేచింది. ఎవరు చెప్పారో, కొంగలు వచ్చాయి. తర్వాత నీటికోళ్ళు, ఆ పైన మునిగి ఎక్కడో తేలే బుడబుంగలు. రాత్రిళ్ళు వీధి చివరిదాకా కప్పల గోల. టీచరమ్మ చిన్నచేపలు తెచ్చి వదిలింది. సెలవురోజుల్లో జనం వచ్చి చెక్కబాట మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళు. ఫ్లాస్కుల్లో టీ, పొట్లాల్లో తినుబండారాలు, నీళ్ళలో మబ్బులు. పక్కవీధి దర్జీ అయితే రోజూ మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి, అరగంట ఊరికే నీళ్ళకేసి చూసి వెళ్ళేవాడు. "ఏముందండీ ఇందులో, అయినా కళ్ళు తిప్పబుద్ధి కాదు" అనేవాడు.

వడ్రంగికి కూడా తిప్పబుద్ధి అయ్యేది కాదు. పొద్దున్నే పొగమంచులో బాట చివర నిలబడితే, ఒక కొంగ అతన్ని లెక్కచెయ్యకుండా దగ్గరికొచ్చి ఒంటికాలి మీద నిలబడేది. గుండెలో ఏదో వదులైనట్టుండేది. వెంటనే, ఇది నాకెందుకు దక్కాలి అనిపించేది. చూపించాలనుకున్న మనుషులిద్దరిలో ఒకరు లేరు, ఉన్నవాణ్ణి ఈ నీళ్ళే పంపేశాయి.

ఎండాకాలం ముందు ఒక పనిరోజున, జనం ఉండరని చూసుకుని వెళ్ళి, పల్లం చూడ్డానికి రమ్మని మామను అడిగాడు. మామ వద్దంటాడనే అనుకున్నాడు. "పదండి" అన్నాడు ఆయన.

మామ చిక్కిపోయాడు. చెక్కబాట మీద పక్కనే ఉన్న కమ్మీ పట్టుకుని మెల్లగా నడిచాడు. నడుమకు వచ్చాక ఆగి, నీళ్ళకేసి చాలాసేపు చూశాడు. జమ్ములో ఏదో కదిలింది. బుడబుంగ ఒకటి మునిగి చాలా దూరంలో తేలింది. మామ చూపు దాంతోపాటే వెళ్ళింది.

"ఇలాగే ఉండేది" అన్నాడు. "అచ్చం ఇలాగే. మీ అత్తయ్య అదిగో, ఆ ఒడ్డున కూర్చుని ఈ పిట్ట మునిగినప్పుడల్లా లెక్కపెట్టేది, ఎంతసేపటికి తేలుతుందో అని. తేలాక చప్పట్లు కొట్టేది."

అత్తయ్య సంగతి జ్వరం దగ్గర్నుంచి కాక, అంతకు ముందు నుంచి వడ్రంగి వినడం ఇదే మొదటిసారి. ఇంకా చెబుతాడేమోనని కదలకుండా నిలబడ్డాడు. మామ మడిచిన చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని గుండీలు పెట్టుకున్నాడు. కాలరు గుండీ కూడా పెట్టుకున్నాడు.

"ఇంటికి వచ్చెయ్యండి మామయ్యా."

"నీమీద కోపం లేదు" అన్నాడు మామ. ఆ 'నీ' విని వడ్రంగి తలెత్తి చూశాడు. "మంచి పనే చేశారంతా. జనం సంతోషంగా ఉంటారు. నేను మాత్రం ఈ నీళ్ళ పక్కన పడుకోలేను. నిద్ర పట్టదు. ఒకవేళ పట్టినా, లేచి దుప్పట్లు వెతుకుతాను." వెనక్కి తిరిగి, "పదండి, మళ్ళీ బస్సులు కిక్కిరిసిపోతాయి" అన్నాడు.

బస్సు ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా నిలబడి, వడ్రంగి పల్లానికే తిరిగొచ్చాడు. బాటలో ఒక చెక్క కదులుతోందని మామ నడుస్తున్నప్పుడే గమనించాడు. మేకులు, సుత్తి తెచ్చుకుని దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ పేటకు కొత్తగా వచ్చిన భార్యాభర్తలు అటుగా వచ్చి, అతని పని అయ్యేదాకా దాటలేక పక్కన నిలబడ్డారు. ఆవిడ నీళ్ళను చూస్తూ, "ఎంత బాగుందో. ఇది మొదటినుంచీ ఇలాగే ఉందా అండీ?" అని అడిగింది.

"లేదమ్మా. మధ్యలో కొన్నేళ్ళు ఇక్కడ చెట్లుండేవి."

"అయ్యో, ఏమయ్యాయి?"

"మేమే కొట్టేశాం" అన్నాడు.

ఆవిడ ఇంకేదో అడగబోయింది కానీ భర్త మోచేత్తో పొడిచి, జమ్ము అంచున వాలుతున్న కొంగను చూపించాడు. ఇద్దరూ అటు తిరిగారు. వడ్రంగి నోట్లోని మేకు తీసి చెక్క మీద నిలబెట్టి, పిట్ట బెదరకుండా మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు.